గాలిమోటరు దిగని మైదానం

ప్లాటు చూపిస్తానని మనవడు నన్ను కారెక్కించాడు. నా సలహా కోసం కాదు. ఇంట్లో ఒక్కదాన్నే వదిలితే గ్యాసు కట్టేయడం మరిచిపోతానని కోడలికి అనుమానం. నాకు షికారు, ఇంటికి క్షేమం, రెండూ ఒకే పెట్రోలుతో అయిపోతాయి.

దేవరకొండ దాటి పాలమూరు దిక్కుగా కొంత దూరం పోయాక కారు రోడ్డు దిగి ఒక రంగుల కమాను కిందినుంచి లోపలికి పోయింది. లోపల ఇళ్లేమీ లేవు. తెల్లరాళ్లు ఉన్నాయి, వరుసలు వరుసలుగా, కనుచూపు మేర. మెడలో పట్టీ వేసుకున్న ఏజెంటు ఎదురొచ్చి, ఇక్కడినుంచి ఎయిర్‌పోర్టు గంటన్నరే నాయనమ్మా అన్నాడు.

"ఎయిర్‌పోర్టు ఈడనే ఉండె బిడ్డా" అన్నాను.

అతను మనవడి వైపు చూశాడు. మనవడు క్షమించమన్నట్టు చూశాడు. వెంటనే నాకు ప్లాస్టిక్ కుర్చీ, కూల్‌డ్రింకు వచ్చాయి. ఈ వయసులో ఇదొక సౌకర్యం. నిజం చెబితే కుర్చీ వేస్తారు.

కూర్చోబుద్ధి కాలేదు. గుట్టల వరుస అదే, మధ్యలో పళ్లు ఊడిన దవడలా ఉండే సందు అదే. నా చిన్నతనంలో ఈ నేల మీద తెల్లరాళ్లు ఉన్నాయంటే పైనుంచి ఏదో రావాలన్నమాట. మెడ దానంతటదే పైకి లేచింది.

అప్పట్లో పట్నంలో విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీ ఉండేది. నాలుగైదు ఊళ్ల మధ్య తిరుగుతూ మనుషులను కొద్దిగా, ఉత్తరాలను ఎక్కువగా మోసేది. పొద్దున్నే మద్రాసులో లేచిన టపా విమానం మా నెత్తి మీదుగా పట్నం పోయేది. దారిలో ఇంజనుకు ఏమైనా అయితే దిగడానికని కంపెనీ అక్కడక్కడా చదును నేలలు చూసి పెట్టుకుంది. బండల మధ్య జొన్న గింజ వేయడానికే జాగా వెతుక్కునే మా దగ్గర అంత చదును దొరకడం వింతే. అలా మా ఊరి బీడు మైదానమైంది. మా బాపు దానికి జవాను అయ్యాడు.

జవాను పనులు మూడు. మైదానం చుట్టూ పేర్చిన రాళ్లకు ఎప్పుడూ సున్నం తెల్లగా ఉండాలి. మూలన గుంజకు కట్టిన గాలి సంచి చిరగకుండా ఉండాలి, అది ఉబ్బిన తీరునుబట్టి పైలట్‌కు గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇరవై మూరల తెల్లబట్టలు రెండు, ఇనుప పెట్టెలో. వాన పడి నేల మెత్తబడితే ఆ రెండింటినీ మైదానం నడుమ ఇంటూ గుర్తులా అడ్డంగా పరచాలి. అంటే, దిగకు, ఇక్కడ దిగితే కూరుకుపోతావు అని. నేల ఆరగానే తీసి మడతపెట్టాలి.

ఆరిందో లేదో చూడడానికి బాపు దగ్గర ఒకటే పనిముట్టు, ఆయన కుడికాలి మడమ. చెప్పు విడిచి, మడమ నేలకు ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసేవాడు. దిగబడకపోతే నేల మంచిది.

బట్టలు పరిచేటప్పుడు ఒక కొస ఆయనది, ఒక కొస నాది. అమ్మ నేను నడక నేర్వకముందే పోయింది, ఇంట్లో నేనూ బాపూ, ఆయన తల్లి మా అవ్వా. ఆ లెక్కన కంపెనీకి తెలియకుండా కంపెనీలో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. వానలో తడుస్తూ పరుగెత్తి, బట్టను నేల మీద జాడించి, కొసల మీద నాలుగు రాళ్లు, నడుమ ఒక రాయి. కళ్లు మూసుకున్నా నా చేతులు అదే పని చేసేవి.

ఇంతా చేస్తే, ఏళ్లు గడిచినా మైదానంలో ఒక్క విమానమూ దిగలేదు.

రోజూ గొర్లను దొడ్డిలోంచి విడిచే వేళకు విమానం చప్పుడు వినిపించేది. బాపు తింటున్న జొన్నరొట్టె పక్కన పెట్టి, ఖాకీ కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, మైదానం నడుమకు పోయి నిలబడేవాడు. విమానం ఆయన నెత్తి మీదుగా పోయేది. ఆయన వచ్చి చల్లారిన రొట్టె తినేవాడు. పగలంతా కాలు నిలిచేది కాదు ఆయనకు. ఒక రాయి సర్దేవాడు, నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చి మళ్లీ దాన్నే సర్దేవాడు. అవ్వ అనేది, వీడు పుట్టినప్పుడు కూడా ఇట్లే ఒకచోట పండుకోలేదని.

నేను మాత్రం ఉద్యోగాన్ని అంత బరువుగా తీసుకోలేదు. ఒకసారి గాలి సంచిని తాడుతో కిందికి దించి, అందులో మేకపిల్లను పెట్టి, మళ్లీ పైకి లాగాను. ఆ పూట గాలి పైనుంచి కిందికి వీస్తున్నట్టు సంచి చూపించింది. ఇంకోసారి సున్నం గుంతలో రాళ్లు బుసబుస పొంగుతుంటే అవ్వ కోడి పెట్టిన గుడ్డును మోదుగాకులో చుట్టి అందులో పెట్టాను. ఉడికింది. తిన్నాను. రెండు రోజులు నాలుక మీద తోలు లేదు. ఇప్పటికీ తడిసిన సున్నం వాసన వస్తే నాకు మొదట ఆకలి వేస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది.

మైదానం మీద ఊళ్లో అందరికన్నా ఎక్కువ కన్ను గొర్ల పెద్దయ్యది. ఊరి మందల్లో సగం ఆయనవే. అంత గడ్డి ఉత్తగా ఎండుతుంటే ఆయన కడుపు కాలేది. గొంగడి భుజాన వేసుకుని, తడి ఉన్ని వాసనతో వచ్చి మా గడప ముందు కూర్చుని, ఏం తమ్మీ, ఇయ్యాల గూడ మీ కోడి గుడ్డు వెట్టకుంటనే పాయెనా అని బాపును అడిగేవాడు. బాపు నవ్వేవాడు కాదు. మద్రాసు రేవులో మూటలు మోసే తమ్ముడు ఒకడు ఉన్నాడు పెద్దయ్యకు. ఒకరోజు ఆ తమ్ముడి సంగతి వచ్చింది.

"వాడు రాసే ఉత్తరం గూడ గా గాలిమోటర్లనే పోతాందా?"

"పోతాంది. ఇప్పుడు ఎక్కువ స్టాంపు గూడ అక్కరలేదు. జల్ది ముట్టేదుంటే మామూలు ఉత్తరాన్ని గూడ గాలి మీదనే పంపుతున్నరు" అన్నాడు బాపు గర్వంగా.

"అంటే నా ఉత్తరం నా నెత్తి మీదికెల్లి పోయి, పట్నం ముట్టి, మల్ల బస్సెక్కి, నాలుగొద్దులకు నా తానికి వస్తదన్నట్టు."

"అవు."

"గీడ జర కిందికి ఇడిస్తే ఏం పాయె?"

బాపు లేచి గాలి సంచి తాడు బిగించడానికి పోయాడు. దీనికి జవాబు నాకు తెలిసి టపా శాఖ దగ్గర కూడా లేదు.

ఆ ఏడు వానలకు ముందు కంపెనీ ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చాడు. మూడు నెలలకోసారి సైకిల్ మీద వచ్చి, రాళ్లు లెక్కపెట్టి, మా ఇంట్లో సర్వపిండి తిని పోయే మనిషి. ఈసారి సర్వపిండి చల్లారినా ముట్టలేదు. కంపెనీకి రోజులు బాగాలేవనీ, అక్కరలేని మైదానాలను పైలట్లు చూసుకునే నక్షాలోంచి కొట్టేస్తున్నారనీ, ఇన్నేళ్లలో ఒక్క విమానమూ దిగని నేలను ఎన్నాళ్లు చూస్తారనీ ఉర్దూలో చెప్పాడు. దసరాలోపు ఒక్కసారి దిగినా తాను రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందన్నాడు. విమానాన్ని దించడం తన చేతిలోనే ఉన్నట్టు బాపు తల ఊపాడు.

అప్పటినుంచి ఆయన నిద్ర కూడా నిలబడే పోయినట్టు నాకు గుర్తు.

శ్రావణంలో పెద్దయ్య బిడ్డ పెండ్లి పెట్టుకున్నారు. వారం రోజులు ముసురు పట్టి, పెండ్లికి రెండు రోజుల ముందు తెరిపిచ్చింది. ఊరు బురదైనా మైదానం నీళ్లు నిలవని నేల, ఒక్క ఎండకే ఆరింది. బాపు మడమ పరీక్ష చేసి, బట్టలు తీసి మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. వానకు రాళ్ల మీది సున్నమంతా కొట్టుకుపోయింది కాబట్టి బండి కట్టుకుని సున్నం బట్టీలకు బయలుదేరాడు, మూడు రోజుల ప్రయాణం. పోతూ పోతూ అవ్వతో రెండుసార్లు చెప్పాడు, బట్టలు పెట్టె దాటొద్దని.

పెండ్లి పొద్దున చాకలి అత్త ఏడుపు మొహంతో వచ్చింది. మాలో పెండ్లిపిల్లను ఊరేగించేటప్పుడు కాళ్లు మట్టికి తగలకుండా నడపావడ పరుస్తారు. రెండు తెల్లబట్టలు, ఒకదాని మీద పిల్ల నడుస్తుంటే రెండోదాన్ని తీసి ముందు పరుస్తూ పోతారు. చాకలి అత్త వాళ్లు రెండు ఊళ్లకు ఒకటే ఇల్లు. పక్క ఊళ్లోనూ అదే ముహూర్తానికి పెండ్లి. నడపావడ అటు పోయింది.

పెద్దయ్య మా వాకిట్లో నిలబడ్డాడు. కోడి గుడ్డు ముచ్చట ఎత్తలేదు. ఊరంతా వారం రోజుల బురద. అవ్వ కాసేపు ఆయన్నీ, కాసేపు ఇనుప పెట్టెనూ చూసింది.

"పిల్లను బురదల నడిపిస్తమా?" అని నన్ను అడిగింది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. అంతవరకు ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. వద్దవ్వా అన్నాను.

పెండ్లి బాగా జరిగింది. పిల్ల కంపెనీ బట్టల మీద ఊరంతా నడిచింది. డప్పులు, యాట కూర, పసుపు, సాంబ్రాణి. నేను బట్టల పక్కనే నడిచాను, అధికారిలాగా. నా మనసులో ఒకటే, బాపుకు తెలిస్తే ఎట్లా అని. దానికితోడు రెండో బుక్కకే కూర అయిపోయింది.

చాకలి అత్త వాటిని ఆ రాత్రే సవుడు మట్టితో ఉడకేసి, మర్నాడు పొద్దున్నే వాగులో ఉతికి తెచ్చింది. ఒక అంచున పసుపు మాత్రం పోలేదు. ఎండ ఫెళ్లుమని కాస్తున్నది. సాయంత్రానికి బాపు వస్తాడు, ఆలోపు ఆరి పెట్టెలో ఉండాలి. ఆరేసి రాపో అన్నది అవ్వ. ఎక్కడ ఆరేయాలో చెప్పలేదు. ఎలా ఆరేయాలో అసలే చెప్పలేదు.

ఇరవై మూరల బట్ట ఆరేయడానికి ఊళ్లో మైదానం తప్ప జాగా ఏముంది? చాకలి అత్తను ఒక కొస పట్టుకోమని, పరుగెత్తి, జాడించి పరిచాను. రెండోదాన్ని దాని మీద అడ్డంగా పరిచాను. కొసల మీద నాలుగు రాళ్లు, నడుమ ఒక రాయి. దూరం జరిగి చూసుకుంటే అంత చక్కటి ఇంటూ గుర్తు అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు. తృప్తిగా పోయి గట్టు మీద కూర్చుని మక్కకంకి కాల్చుకున్నాను.

కంకి సగం తినేసరికి విమానం చప్పుడు వచ్చింది. రోజూ వచ్చే చప్పుడు కాదు. దగ్గుతున్నట్టు వచ్చింది. గుట్టల సందులోంచి బయటపడినప్పుడు ఎంత కిందికి ఉందంటే, పెద్దయ్య మంద నాలుగు దిక్కులకు చెదిరిపోయింది. ఒక రెక్క మీది పంఖా తిరగకుండా నిలిచిపోయి ఉంది. అది మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. నేను కంకి ఊపాను. అద్దం వెనక ఒక మొహం కనిపించింది. ఆ మొహం నన్ను చూడడం లేదు, బట్టలను చూస్తున్నది.

రెండో చుట్టు తిరిగేటప్పుడు రోడ్డు మీద సున్నం బండి కనిపించింది, సాయంత్రానికి రావలసింది. బాపు బండి మీద లేచి నిలబడ్డాడు. తర్వాత దూకాడు. చేతులు రెండూ ఊపుతూ, ఏదో అరుస్తూ మైదానం వైపు పరుగెత్తుకొస్తున్నాడు. విమానం వచ్చినందుకు సంతోషమనుకున్నాను. నేనూ చేతులు ఊపాను.

విమానం గుట్టల మీదుగా, వాటికి తగులుతుందేమో అన్నంత కిందుగా, తూర్పుకు పోయింది. చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

బాపు వచ్చి బట్టల దగ్గర నిలబడ్డాడు. పసుపు అంచు చూశాడు. నన్ను చూశాడు. కొట్టలేదు. చెప్పు విడిచి, మడమ నేలకు ఆనించి, ఒంటి బరువంతా వేశాడు. మడమ దిగబడలేదు. మరో చోట వేసి చూశాడు, ఇంకో చోట. ఒక్కచోటన్నా దిగబడాలని మొక్కుకుంటున్నట్టు మైదానమంతా తిరిగాడు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. పడిపోయిందో, ఎవరన్నా మిగిలారో తెలియదు. పెద్దయ్య పెండ్లి ఇల్లు వదిలేసి, తన వాళ్లను గొంగళ్లతో గుట్టల మీదికి పంపాడు, పొగ కనిపిస్తుందేమో చూడమని. అవ్వ జరిగిందంతా బాపుకు చెప్పేసింది. ఆయన ఊఁ అని బయటికి పోయాడు, లోపలికి వచ్చాడు, బయటికి పోయాడు. ఆ మనుషులు క్షేమంగా ఉంటే యాదగిరిగుట్టకు వచ్చి తలనీలాలు ఇస్తామని అవ్వ మొక్కింది, నా జుట్టు కూడా కలిపి. నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ మూడు రోజులు దేవుడు నా మెడ అడిగినా ఇచ్చేదాన్ని.

మూడో నాడు పొద్దుగూకే ముందు పెద్దయ్య వచ్చాడు. విమానం గుట్టలు దాటి, పది ఊళ్ల అవతల ఒక బీడులో దిగింది. చక్రాలు పొట్టదాకా బురదలో కూరుకుపోయాయి కానీ మనుషులకు ఏమీ కాలేదు. మిగతావాళ్లంతా మజ్జిగ తాగుతుంటే పైలట్ మాత్రం టపా సంచుల మీద కూర్చుని, ముందు ఇవి పోవాలి, తర్వాతే మనుషులు అన్నాడట. పెద్దయ్య చుట్టాల బండి మీదే సంచులు బస్సు దాకా పోయాయి. అవ్వ పైట కళ్లకు ఒత్తుకుంది. బాపు గోడకు ఆనుకుని, మూడు రోజుల్లో మొదటిసారి కూర్చున్నాడు.

పదిహేను రోజులకు ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చాడు. బాపు కోటు విప్పి, మడతపెట్టి, చేతిలో పట్టుకుని ఎదురుపోయాడు. కానీ సాబు నవ్వుతున్నాడు. జేబులోంచి కాగితం తీసి చదివి వినిపించాడు. పైలట్ రాసింది. బయట ఎంత ఎండ కాసినా నేల మెత్తగా ఉందని కనిపెట్టి గుర్తు పరిచిన జవాను చాలా నమ్మకస్తుడు, దిగి ఉంటే ఏమయ్యేదో అని. కంపెనీ మెచ్చుకుంది. ఇలాంటి మనిషి పట్నంలో ఉండాలని, పెద్ద మైదానానికి బదిలీ చేసింది. రోజూ విమానాలు దిగే చోటు.

అవ్వ చేతులు జోడించింది. పెద్దయ్య ముందుకొచ్చి, అవును సాబ్, మోకాలిదాకా బురద, నేనే సూసిన అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"మరి గీ మైదానం?" అన్నాడు బాపు.

సాబు తేలిగ్గా చేయి ఊపాడు. ఎండలో కూడా ఆరని నేల ఎందుకు, నక్షాలోంచి తీసేస్తారన్నాడు.

బాపు కోటు కింద పెట్టాడు. చెప్పు విడిచాడు. సాబును కూడా బూటు విడవమన్నాడు. ఆయన ఇబ్బందిగా విడిచాడు. ఇద్దరూ మైదానంలో మడమలు ఆనించి నిలబడ్డారు.

"నేల మంచిదే సాబ్. ఆ పొద్దు గిట్లనే ఉండె. గుడ్డలు తప్పు."

"నేనిచ్చిన, పెండ్లికి" అన్నది అవ్వ వెనకనుంచి.

నేను కూడా ఏదో అనబోయాను. బాపు చేయి నా నెత్తి మీద పడింది.

"నా బిడ్డ ఆరేసింది సాబ్. నేను నేర్పినట్లనే ఆరేసింది."

సాబు తన బూటును చూస్తూ నిలబడ్డాడు. పెండ్లినీ, పసుపునూ, ఎనిమిదేళ్ల పిల్లనూ ఏ గడిలో రాయాలో ఆయన కాగితంలో లేనట్టుంది.

"గిది రాస్తే నీ నౌకరి పోతది. రాయకుంటే మైదానం పోతది. ఏది రాయాలె, నువ్వే చెప్పు."

"మైదానం ఉండనీయుండ్రి. రేపు ఇంకొకడు దగ్గుకుంట వస్తే ఏడ దిగాలె?"

సాబు రాశాడు. కోటు, ఇనుప పెట్టె తీసుకుని సైకిల్ వెనక కట్టుకున్నాడు. అవ్వ సర్వపిండి మూట కట్టి ఇచ్చింది. తీసుకున్నాడు.

యాదగిరిగుట్టకు పోయి అవ్వా నేనూ గుండ్లు చేయించుకున్నాం. ఆ తలతోనే నేను మొదటిసారి బడికి పోయాను, చదువు మీద నాకు పుట్టిన పట్టుదలకు అది కూడా ఒక కారణం. పెద్దయ్యకు తమ్ముడి ఉత్తరం పెండ్లయిన పన్నెండో నాటికి అందింది, మూలన బురద మరకతో. సెలవు దొరకలేదు, పెండ్లి ఆపొద్దు అని ఉంది అందులో. పెద్దయ్య ఆ ఉత్తరాన్ని మా గడప ముందు చదివించుకుని, ఆ మరకను వేలితో తడిమి, ఇది గీడనే దిగేదుండె తమ్మీ అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు.

బాపు సున్నం బండి తోలుకుని బతికాడు. ఏటా దసరాకు ఎవరూ చెప్పకుండానే మైదానం రాళ్లకు సున్నం వేసేవాడు. విమానం వచ్చే వేళకు, కోటు లేకుండానే, పోయి నిలబడేవాడు. తర్వాత ఆ చిన్న కంపెనీలన్నిటినీ కలిపి సర్కారు ఒకటే పెద్ద కంపెనీ చేసింది. విమానాలు పెద్దవయ్యాయి, ఎత్తుకు పోయాయి, దారి మార్చుకున్నాయి. మైదానం నక్షాలో ఉన్నదో లేదో అడగడానికి సాబు కూడా మళ్లీ రాలేదు. ఒక్క విమానమూ దిగలేదు. బాపు ఒకసారి మాత్రం అన్నాడు, దిగకపోవుడు మంచిదే, దిగినోనికి ఏదో ఒక కష్టం ఉంటది గదా అని. అని, లేచి, ఒక రాయి సర్ది వచ్చాడు.

"నాయనమ్మా, వానకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తయా?" మనవడు ఏజెంటును వదిలేసి నన్ను అడుగుతున్నాడు. ఏజెంటు అప్పటికే మూడు ఒట్లు వేసినట్టున్నాడు.

కుర్చీలోంచి లేచాను. చెప్పు విడిచి, తెల్లరంగు రాయి పట్టుకుని, మడమ ఆనించి, ఉన్న బరువంతా వేశాను.

"నిలవవు. మంచి నేల" అన్నాను.

ఏజెంటు మొహం వెలిగింది. ఇంకో కూల్‌డ్రింకు తెప్పించాడు. నేను తాగలేదు. అవతల కాపలా మనిషి భార్య రెండు తెల్ల దుప్పట్లు నేల మీద ఆరేసి ఉంది, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి. పోయి ముట్టుకుని చూశాను. ఆరాయి. ఆమె వింతగా చూస్తుంటే రెండూ తీసి, కొసలు కలిపి మడతపెట్టి ఆమె చేతికిచ్చాను. పైన చాలా ఎత్తున ఒక విమానం పోతున్నది. అది కనిపించకుండా పోయేదాకా నిలబడి, అప్పుడు కారెక్కాను.